కడగకూడని తొట్టి

చనిపోయి అయిదేళ్ళయినా ఇర్యాకు మొగుడు రోజూ పొద్దున ఆరు గంటలకు దొరుకుతూనే ఉన్నాడు.

ఎక్కడంటే, రొట్టెలో. భట్టీలోంచి మొదటి వాయి రై ధాన్యపు రొట్టెలు తీసి తౌనో చెక్కబల్ల మీద పరచగానే, ఇర్యా ఒకదాన్ని ఎంచుకుని, వేళ్ళు చురుక్కుమంటున్నా లెక్కచెయ్యకుండా అంచు కోసి, వెన్న కూడా రాయకుండా నోట్లో పెట్టుకునేది. ముందు పులుపు, దాని వెనక పిసరంత చేదు, ఆఖర్న నాలుక కింద నిలిచే తీపి. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో అర్వి చేతి రుచి అదే. కళ్ళు మూసుకుని నములుతున్నంతసేపూ అతను పక్కనే నిలబడి, మోచేతుల దాకా పిండి పూసుకుని, "ఎలా ఉంది?" అని అడుగుతున్నట్టే ఉండేది. తర్వాత మింగేసేది, దుకాణం తలుపు తీసేది, మళ్ళీ మర్నాటి దాకా ఎదురుచూసేది.

తౌనో అనే ఆయన అర్వి పోయాక పనికి కుదిరిన రొట్టెల మేస్త్రీ. అరవై దాటిన ఒంటరివాడు, నోట్లోంచి మాట రావాలంటే మూడు కప్పుల కాఫీ పడాలి. ఈ తంతు జరుగుతున్నంతసేపూ గోడ వైపు తిరిగి పనిముట్లు సర్దుకునేవాడు. చూడనట్టు నటించడంలో మా హౌకిసల్మి ఊరి మనుషులను మించినవాళ్ళు ఎక్కడా ఉండరు.

ఆ రుచంతా తొట్టిలో ఉంది. అర్వి తాత చేయించిన కొయ్య తొట్టి అది, నడుముకు వెదురుబద్దల్లాంటి కొమ్మలతో కట్లు కట్టింది. పిండి పిసికాక దాని అంచులకు అంటుకున్నదాన్ని గీకి పారెయ్యరు, అలాగే ఎండనిస్తారు. మర్నాడు గోరువెచ్చని నీళ్ళు, కొత్త పిండి పోస్తే ఆ ఎండు పొరే మళ్ళీ ప్రాణం పోసుకుని పొంగుతుంది, చుక్క మజ్జిగ గిన్నెడు పాలను పెరుగు చేసినట్టు. అదే తోడుపిండి. తొట్టిని కడగడమన్న మాటే మా వైపు ఎవరూ అనరు. ఇంట్లో నేలా, గోడలూ, ఆఖరికి కట్టెల కొట్టం మెట్లూ అద్దంలా తోముకునే ఆడవాళ్ళు కూడా ఆ ఒక్క తొట్టి దగ్గరికి వచ్చేసరికి చేతులు వెనక్కి పెట్టుకుంటారు.

అర్వి బతికున్నప్పుడు ఆ తోడుపిండిని అడిగినవాళ్ళకు అడిగినంత ఇచ్చేవాడు. కొత్తగా కాపురం పెట్టిన పిల్లలకూ, వేసవి ఇళ్ళకొచ్చే హెల్సింకి వాళ్ళకూ తడిగుడ్డలో ముద్ద చుట్టి, ఎలా పెంచాలో, ఎప్పుడు నిద్రపుచ్చాలో అరగంట చెప్పి మరీ పంపేవాడు. అది ఇర్యాకు ఒళ్ళుమంట. ఇల్లిల్లూ రొట్టె కాల్చుకుంటే దుకాణానికి ఎవడొస్తాడని ఆమె బాధ. చివరికి అతను సైమికి కూడా ఇచ్చేసరికి పెద్ద రభసే అయింది.

"వంతెన అవతల ఆవిడ భట్టీ కట్టిస్తోంది, తెలుసా నీకు? నువ్విచ్చిన పిండితోనే నీ గిరాకీ లాక్కుంటుంది!"

"లాక్కోనీ. మంచి రొట్టె తినేవాళ్ళు ఎక్కువవుతారు గదా."

"నీలాంటివాణ్ణి కట్టుకున్నందుకు నా నెత్తిన నేనే మొట్టుకోవాలి."

"మొట్టుకునే ముందు చేతులు కడుక్కో. పిండి జుట్టుకంటుకుంటే వదలదు."

ఆ రోజు మొదలు ఇర్యా సైమితో మాట్లాడలేదు. పందొమ్మిదేళ్ళు. చర్చిలో ఎదురుపడితే కీర్తనల పుస్తకంలోకి తలదూర్చేది. అయితే ఆమె భయపడినట్టు గిరాకీ పోలేదు, సరిగ్గా అందుకు విరుద్ధంగా జరిగింది. సైమి తర్వాత పడవల రేవు దగ్గర ఇంకొకాయన మొదలుపెట్టాడు. మూడు భట్టీలు, మూడింటిలోనూ ఒకే తోడుపిండి, మూడు రకాల రుచి. ఏది గొప్పదో తేల్చుకోవడానికి జనం మూడు చోట్లా కొనడం మొదలెట్టారు. పెద్ద రోడ్డు మీద ఆగకుండా పోయే బస్సులు హౌకిసల్మిలో అరగంట ఆగసాగాయి. అర్వి రెండో భట్టీ కట్టించాల్సివచ్చింది. ఇర్యా మాత్రం ఇదంతా దుకాణం కిటికీకి తను కుట్టిన కొత్త తెరల మహిమేనని చాలాకాలం చెప్పుకుంది.

అర్వి పోయిన నెలకు ఒక కొత్త కోడలు గుడ్డ పట్టుకుని తోడుపిండి అడగడానికొచ్చింది. ఇర్యా తొట్టి వైపు చూసింది, ఆ పిల్ల వైపు చూసింది. "లేదమ్మా" అంది. పిసినారితనం అనుకున్నారు ఊళ్ళో. కాదు. అందులో మిగిలింది అర్వి ఒక్కడే. అతన్ని ముక్కలు కోసి ఊరికి ఎలా పంచిపెడుతుంది? ఆ తర్వాత ఎవరడిగినా అదే జవాబు. కొన్నాళ్ళకు అడగడం మానేశారు. పడవల రేవు దగ్గరి ఆయన ముసలివాడై భట్టీ ఆర్పేశాడు. ఇళ్ళల్లో కాల్చేవాళ్ళు కూడా దుకాణం రొట్టెకు అలవాటుపడ్డారు.

జూన్ మొదట్లో ఇర్యా చెల్లెలు హెల్వి తాంపెరె నుంచి దిగింది, నడివేసవిలో వచ్చే యుహన్నుస్ పండగదాకా ఉండి అక్కకు సాయం చేస్తానని. ఆ పండగ వారమే ఏడాదంతటికీ పెద్ద బేరం. చెరువు గట్టు ఇళ్ళన్నీ నిండిపోతాయి, రేవు రేవుకీ మంట వేస్తారు, ఎవరింటికి వెళ్ళినా బల్ల మీద రై రొట్టె ఉండాల్సిందే. హెల్వి మంచిది. అయితే ఆమె చేతులకు ఖాళీ అంటే గిట్టదు. ఎండ కాసిన మొదటి రోజే ఇంట్లో పీలికల తివాచీలన్నీ చుట్టి, బండి మీద వేసుకుని, పైన్ సబ్బు డబ్బా పట్టుకుని రేవుకు పోయింది. ఇర్యా ఆ పూట పక్క పట్నంలో పళ్ళ డాక్టరు దగ్గర ఉంది. తౌనోకు సెలవు.

సాయంత్రం ఇర్యా తిరిగొచ్చేసరికి పెరట్లో తివాచీలు రంగురంగులుగా ఆరుతున్నాయి. వాటి పక్కన బోర్లించిన తొట్టి, తెల్లగా, కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తోంది.

"అక్కా, ఎంత మురికి పేరుకుపోయిందో చూశావా ఆ దరిద్రపు తొట్టికి? గట్టిపడిపోయి రానే రాదు! రెండు గంటలు తోమాను. బ్రష్షు అరిగిపోయింది. నువ్వు ఒక్కదానివీ చేసుకోలేవని..." హెల్వి అక్క మొహం చూసి ఆగిపోయింది. "ఏమైందే? పన్ను పీకారా?"

ఇర్యా తొట్టి దగ్గర మోకాళ్ళ మీద కూలబడి లోపల తడిమింది. నున్నగా ఉంది. వాసన చూసింది. అడవి వాసన, సబ్బు వాసన. ఆమె ఏడుపు విని పక్కింటివాళ్ళు కంచె దగ్గరికి వచ్చి, కంచెకు రంగు ఎలా ఉందో పరీక్షిస్తున్నట్టు నిలబడ్డారు.

ఇంకొక్క ఆశ ఉంది. అర్వి తన చివరి రోజుల్లో పిండి పీపా అడుగున ఒక ఎండు ముద్ద దాచేవాడు, ఆపదకు పనికొస్తుందని. ఇర్యా పీపాలోకి భుజాలదాకా దూరి వెతికి, పిడికెడంత ముద్దను పట్టుకుంది. అప్పుడైనా నిదానించి ఉంటే బాగుండేది. కాని ఆమెకు నిదానం ఎప్పుడుంది గనక? పొయ్యి మీది నీళ్ళు వేలు పెట్టి చూడకుండానే పోసేసింది. నాలుగు రోజులు దుప్పటి కప్పి కూర్చుంది. ఒక్క బుడగ లేవలేదు.

"నీళ్ళు వేడెక్కువయ్యాయి," అన్నాడు తౌనో. అంతకు మించి అనలేదు. అది చాలు గుండెలో దిగబడడానికి.

పక్క పట్నం నుంచి తోడుపిండి తెప్పించారు. రొట్టె పొంగింది, రంగొచ్చింది, చూడ్డానికి ముచ్చటగా ఉంది. పొద్దున ఆరింటికి ఇర్యా అంచు కోసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మళ్ళీ ఇంకో ముక్క కోసింది. ఎంత నమిలినా అది రొట్టే. పక్కన ఎవరూ లేరు. అర్విని పూడ్చిన రోజు ఆమె ఇంత ఏడవలేదు. ఆనాడు ఇంటికొస్తే తొట్టి ఉంది, ఇప్పుడు అదీ లేదు.

ఊరు పసిగట్టడానికి మూడు రోజులు పట్టింది. పోయిన పాస్టరుగారి భార్య ఎల్నా గారు సగం తిన్న రొట్టె కాగితంలో చుట్టి వెనక్కి తెచ్చింది.

"ఏమీ అనుకోకు ఇర్యా. ఇది సూపర్ బజారు రొట్టెలా ఉంది. నా దంతాలు కూడా వద్దంటున్నాయి."

"మీ దంతాలు కట్టుడువి గదండీ," అంది హెల్వి ఉక్రోషంగా.

"కట్టుడువే. వాటిక్కూడా తెలిసిపోయింది మరి."

దుకాణం పల్చబడింది. బస్సు ఆగినా దిగినవాళ్ళు వంతెన మీదుగా అవతలికి పోతున్నారు. పండగ ఇంకా వారం ఉంది. హెల్వి మొహం చెల్లక పొద్దున్నుంచీ కిటికీ అద్దాలు తుడుస్తూ ఉంది, తుడిచినవే మళ్ళీ తుడుస్తూ.

నాలుగో కప్పు కాఫీ తర్వాత తౌనో నోరు తెరిచాడు. "అర్వి ఇచ్చిన తోడుపిండి ఊళ్ళో ఇంకా బతికున్నది ఒక్కచోటే."

"తెలుసు."

"అయితే వెళ్ళొచ్చుగా."

"పందొమ్మిదేళ్ళు పలకరించని మనిషి దగ్గరికి చెయ్యి చాచుకుని వెళ్ళనా? దానికంటే దుకాణం మూసుకుంటా."

"మూసుకో. నాకు చేపలు పట్టడమూ వచ్చు," అని తౌనో కప్పు కడుక్కున్నాడు.

ఇర్యా రెండు రోజులు పంతం పట్టింది. దుకాణం పోతే పోనీ అనుకోగలిగింది, నిజంగానే. కాని మూడో రోజు పొద్దున ఆరింటికి లేచి, అలవాటుగా బల్ల దగ్గరికి నడిచి, కత్తి చేతిలోకి తీసుకుని, కొయ్యడానికి మనసొప్పక నిలబడిపోయింది. అర్వి మొహం గుర్తుతెచ్చుకుందామంటే గోడ మీది ఫోటోలో మొహమే వస్తోంది, అసలుది రావడం లేదు. ఆ భయం పంతం కంటే పెద్దది. ఏప్రాన్ విప్పి కోటు తొడుక్కుంది.

వంతెన పొడవు రెండు వందల అడుగులు ఉండదు. ఇర్యాకు అది దాటడానికి పావుగంట పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగి నీళ్ళలోకి చూసింది, పని మీద వచ్చినదానిలా.

సైమి భట్టీ గదిలో ఒక్కతే ఉంది. డెబ్భై దాటింది, మనిషి చిన్నదైపోయింది, చేతులు మాత్రం అప్పటివే, తెడ్లలాంటివి. ఇర్యాను చూసి ఆశ్చర్యపోలేదు. బల్ల మీద పిండి దులిపి, రెండు కప్పులు పెట్టి, కాఫీ పోసి, యాలకుల బన్నులు పళ్ళెంలో సర్దింది. కాఫీ గొంతు దిగేదాకా ఇద్దరూ వానల గురించి మాట్లాడుకున్నారు. ఈ ఏడు దోమలు ముందే వచ్చాయని ఒప్పుకున్నారు.

"నీ దుకాణం మనుషులు ఇటొస్తున్నారమ్మా," అంది సైమి చివరికి. "ఇవ్వకపోతే బాగుండదని ఇస్తున్నా. పండగ నాటికి ఇర్యా తొట్టి సర్దుకుంటుంది, అప్పుడు అక్కడే కొనుక్కోండి అని చెప్పి పంపుతున్నా. ఎల్నా గారైతే మరీ గొడవ, రొట్టెలన్నీ వాసన చూస్తోంది."

ఇర్యా కప్పు కింద పెట్టింది. సైమి తిట్టినా బాగుండేది, అనుకుంది. తిడితే తిరిగి తిట్టొచ్చు.

"నాకు తోడుపిండి కావాలి సైమక్కా. అర్విది." కప్పును పక్కకు జరిపింది. "నా దగ్గర పోయింది. అంతా పోయింది."

"తెలుసమ్మా. నువ్వొస్తావని ముద్ద చుట్టి పెట్టా, ఈ వారంలో మూడుసార్లు. రాకపోతే మళ్ళీ తొట్టిలో వేసేదాన్ని." సైమి లేచి కిటికీ దగ్గర్నుంచి తడిగుడ్డ మూట తెచ్చి ఆమె ముందు పెట్టింది. తర్వాత కాస్త తటపటాయించింది. "అర్విదని నేననలేను గాని. ఇటూ అటూ తిరిగిందది. నాది మూడుసార్లు చచ్చింది. ఒకసారి ఎలుక పడింది, ఒకసారి బూజు, ఒకసారి నా మతిమరుపు. మూడుసార్లూ అర్వే తెచ్చిచ్చాడు. ఆయనది రెండుసార్లు చస్తే నేనిచ్చా."

"ఆయనదా?"

"ఎండలు మండిన ఏడాది ఒకసారి. రెండోది, ఆస్పత్రి నుంచి వచ్చాక."

ఇర్యా చేతులు ముద్ద మీదే ఆగిపోయాయి. ఆస్పత్రి. అర్వి మొదటిసారి పడిపోయినప్పుడు మూడు వారాలు. దుకాణానికి తాళం వేసి, పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, ఆఖరి బస్సుకు వచ్చేది. మంచం పక్కన కుర్చీలో కూర్చుని తిట్లూ కబుర్లూ చెబుతూ ఉండేది. తొట్టి? ఆ మూడు వారాల్లో తొట్టి సంగతి ఒక్కసారైనా తనకు గుర్తొచ్చిందా?

"ఆకుపచ్చగా బూజు పట్టిపోయిందట," అంది సైమి. "నువ్వు ఇంటికి తెచ్చిన రెండో రోజే కర్ర పట్టుకుని వచ్చాడు ఇక్కడికి. బయట గడ్డ కట్టే చలి. కూర్చోమంటే కూర్చోడు. ఆలస్యమైతే ఇర్యా వెతుక్కుంటూ వస్తుందని నిలబడే కాఫీ తాగాడు."

ఇర్యాకు ఆ రోజు గుర్తుంది. ఒంట్లో బాగాలేని మనిషివి, ఆ చలిలో షికారేమిటని గుమ్మంలోనే పట్టుకుని చెడామడా తిట్టింది. అతను నవ్వుతూ కోటు బొత్తాలు విప్పకుండానే భట్టీ గదిలోకి పోయాడు. అప్పుడు కోటు లోపల ఏముందో ఆమె అడగలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అంది. "నేను నీతో మాట్లాడను కాబట్టా? కోప్పడతాననా?"

"అదీ కొంత ఉంది, ఎందుకు అబద్ధం." సైమి కొంచెం నవ్వింది. "నేనూ అడిగా, పెళ్ళానికి చెప్పవేమయ్యా అని. ఏమన్నాడో తెలుసా? 'చెబితే వచ్చేసారి నేను ఆస్పత్రిలో పడ్డప్పుడు అది తొట్టి దగ్గర కూర్చుంటుంది సైమీ. నాకు అది నా పక్కన కూర్చుంటేనే బాగుంటుంది,' అన్నాడు."

సైమి ఇర్యా కప్పులో మళ్ళీ కాఫీ పోసి, తన పనికి తను పోయి, వీపు ఇటు తిప్పి పిండి జల్లించసాగింది. జల్లించిన పిండినే చాలాసేపు జల్లించింది.

అయిదేళ్ళు రోజూ పొద్దున అర్వి అనుకుని తిన్నది ఈ గదిలోంచి వచ్చింది. ముక్కలు చేస్తే పోతాడనుకుని తను దాచిపెట్టినవాడు, ఆ ముక్కల్లోంచే రెండుసార్లు ఇల్లు చేరాడు. ఎంత మొండిదాన్ని, ఎంత బుద్ధిలేనిదాన్ని, అనుకుంది ఇర్యా. కాని ఆ తిట్టు కంటే లోతుగా ఇంకేదో గుచ్చుకుంది. వచ్చేసారి అన్నాడు. ఆ వచ్చేసారి ఆస్పత్రిదాకా పోనేలేదు. అర్వి భట్టీ దగ్గరే ఒరిగిపోయాడు, ఆమె దుకాణంలో బస్సు జనానికి రొట్టెలు చుట్టి ఇస్తుండగా. పక్కన కూర్చోవడానికి అయిదు నిమిషాలు కూడా దొరకలేదు.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "సైమక్కా, పండగ రోజు కాఫీకి రా," అంది.

"నీ రొట్టె బాగుంటేనే," అంది సైమి.

ముద్దను కోటు లోపల, గుండెకు ఆనించి పట్టుకుని ఇర్యా వంతెన దాటింది. ఈసారి నీళ్ళు చూడ్డానికి ఆగలేదు. గోరువెచ్చని నీళ్ళు తౌనో చేత పోయించింది, తన చేతుల మీద నమ్మకం లేక. మర్నాటికి తొట్టిలో బుడగలు లేచాయి. హెల్వి వాటిని చూసి, పసిపిల్ల నవ్వినంత సంబరపడి, సబ్బు డబ్బా తీసుకెళ్ళి తన పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది.

యుహన్నుస్ ముందురోజు శుక్రవారం. తెల్లారేసరికే దుకాణం ముందు వరస కట్టారు. సైమి మాట ఊరంతా పాకింది మరి. ఎల్నా గారు అందరికంటే ముందు నిలబడింది, దంతాలు పెట్టుకుని. మొదటి వాయి బయటికొచ్చింది. తౌనో బల్ల మీద పరిచి గోడ వైపు తిరిగాడు. ఇర్యా అంచు కోసింది.

పులుపు. పిసరంత చేదు. నాలుక కింద తీపి.

అదే. అక్షరాలా అదే. ఆమె కళ్ళు మూసుకుని నిలబడింది, అతని మోచేతుల కోసం, ఆ ప్రశ్న కోసం. రుచి వచ్చింది. అర్వి రాలేదు. అతను తొట్టిలోనే ఉండేవాడైతే సైమికి ఆ మాట చెప్పి ఉండడు గదా. పక్కన కూర్చోమన్నవాడు రొట్టెలో ఎందుకుంటాడు?

తర్వాత గంటలో మూడు వాయిలు అమ్ముడుపోయాయి. వరసలో నిలబడిన ఒకావిడ, అయిదేళ్ళ కిందట గుడ్డ పట్టుకొచ్చిన కొత్త కోడలే, ఇప్పుడు చంకలో పిల్లతో ఉంది, రొట్టె తీసుకుని వెళ్ళబోతుంటే ఇర్యా పిలిచింది. లోపలికెళ్ళి, తొట్టిలోంచి గుప్పెడు తీసి, గుడ్డలో చుట్టి ఆమె చేతిలో పెట్టింది.

"నీళ్ళు వేలు పెట్టి చూసి పోసుకో," అంది. "చచ్చిపోతే మొహమాటపడకుండా వచ్చి చెప్పు. మళ్ళీ ఇస్తా. నాది చచ్చిపోతే నీ దగ్గరికి నేనొస్తా."

మధ్యాహ్నం రెండింటికి, బస్సులు రెండూ ఒకేసారి వచ్చి, దుకాణంలో కాలు పెట్టే సందు లేనప్పుడు, ఇర్యా ఏప్రాన్ విప్పింది.

"ఎక్కడికే?" హెల్వి కెవ్వుమంది. "ఇంత జనాన్ని నా మొహాన కొట్టి?"

"నువ్వు తోమగలవు. అమ్మలేవా?"

చర్చి వెనక శ్మశానంలో అప్పటికే పువ్వులు పెట్టి వెళ్ళిపోయారు జనం. చెరువు మీది నుంచి గాలి వస్తోంది. ఇర్యా అర్వి రాయి పక్కన, పచ్చిక మీద, కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంది. అయిదేళ్ళలో ఇక్కడికి ఎన్నోసార్లు వచ్చింది, పువ్వులు మార్చి, కలుపు పీకి, నిలబడే వెళ్ళిపోయింది. దుకాణం ఉంది, తొట్టి ఉంది, ఎప్పుడూ ఏదో ఒకటి ఉంది.

చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, ఆస్పత్రి కుర్చీలో కూర్చున్నప్పటిలాగే చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"కంగారుపడకు. తొట్టి దగ్గర తౌనో ఉన్నాడులే," అంది అర్వితో. "నేనిక్కడే కూర్చుంటా."